బిడ్డ తప్ప

కండక్టరమ్మ నోరు ఎలాంటిదో ఆ రూటు బస్సెక్కేవాళ్ళందరికీ తెలుసు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి నెట్టడానికి ఆవిడకి చేతులక్కర్లేదు, ఒక్క కేక చాలు. అలాంటి మనిషి కాన్పయిన నాలుగు నెలలుగా నోట్లో నాలుక లేనట్టు ఇంట్లో కూర్చుందంటే, ఆ నడుమునొప్పి ఏపాటిదో మీరే ఊహించుకోండి.

మంచం మీద పక్కకి తిరిగితే చాలు, నడుము కింద తుంటి కలిసేచోట మేకు దిగగొట్టినట్టుండేది. మొగుడితో చెబితే "రెస్ట్ తీసుకో" అని సలహా పారేసి తన మానాన తను ఆఫీసుకి పోయేవాడు. అత్తగారితో చెబితే, "నేను ముగ్గుర్ని కన్నాను, నాకు లేవా నొప్పులు? బాలింతకి ఇదంతా మామూలే" అనేది. ఆ 'మామూలే' వింటే కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

నెల క్రితం బిడ్డని ఎత్తుకుని లేవబోతుంటే నడుము పట్టేసి, గోడకి ఆనుకుని అలాగే జారి కూలబడింది. బిడ్డకేమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ బిడ్డని ఎత్తకూడదని ఇంట్లో చట్టం వచ్చింది. పాలివ్వాలంటే అత్తగారు పిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టడం, తాగడం కాగానే తీసుకుపోవడం. రెండు వీధుల అవతల ఉండే ఆడపడుచు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా పిల్లని చంకన వేసుకునే తిరిగేది. పోనీ ఆవిడ చెడ్డదా అంటే కాదు, అదే తంటా. ఇప్పుడు ఏడుపొస్తే పిల్ల మేనత్త వైపే చూస్తోంది.

బుధవారం నాడు అసలు సంగతి బయటపడింది.

"ఆదివారం నుంచి పాపని మా ఇంట్లోనే ఉంచుకుంటాను," అంది ఆడపడుచు. "నీ నడుము బాగయ్యేదాకా. డబ్బాపాలు అలవాటు చేస్తాలే, నువ్వేం బెంగపెట్టుకోకు."

"అక్క మన మంచికే కదా చెబుతోంది," అన్నాడు మొగుడు.

బాగయ్యేదాకా అంటే ఎప్పటిదాకా? ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కండక్టరమ్మ చెప్పులేసుకుంది. వీధి చివర మేడ మీద కైరోప్రాక్టర్ అని ఒక బోర్డుంది. అక్కడ చేత్తో నొక్కి వెన్నెముక సరిచేసే ఆవిడని, ఆ మాటకి నోరు తిరక్క, అందరూ వెన్ను మేడమ్ అంటారు.

"అక్కడ ఎముకలు విరిచేస్తారట!" అని అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఇంకా విరగడానికి ఏం మిగిలాయి, జరగండి అత్తయ్యా," అని మెట్లు దిగింది.

వెన్ను మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటూ ఉంది. కాన్పు చేసిన డాక్టరు కాగితాలు ముందు చదివింది. తర్వాత ఒక ఫారం ఇచ్చి నింపమంది. అందులో 'రోజూ ఎత్తే బరువులు' అని ఒక గడి ఉంది. కండక్టరమ్మ 'ఏమీ లేవు' అని రాసింది.

"ఏమీ లేవా?" అంది మేడమ్.

"సెలవులో ఉన్నానండి. ఇంట్లోనే కదా."

"సరే, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో వరసగా చెప్పు."

చెప్పింది. స్నానాలకి నాలుగు బకెట్ల నీళ్ళు మోసింది. తడిబట్టల తొట్టి డాబా మీదికి తీసుకెళ్ళింది. పరుపు ఎండలో వేసి మళ్ళీ లోపలికి లాక్కొచ్చింది. మార్కెట్ నుంచి రెండు సంచులు తెచ్చింది.

మేడమ్ పెన్ను ఆగింది. "మరి పాప?"

"పాపని ఎత్తనివ్వరండి. నడుము బాలేదని."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ కండక్టరమ్మ చెవికి ఎక్కలేదు. ఎక్కగానే కుర్చీలో బిగుసుకుపోయింది. నెల రోజులు! నెల రోజులుగా ఇంటెడు బరువూ మోస్తోంది, ఒక్క తన బిడ్డని తప్ప. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మొద్దునండీ నేను!"

"ముందు బల్ల మీద పడుకో, తర్వాత తిట్టుకుందువుగాని," అంది మేడమ్.

ఆ బల్లకి మొహం పెట్టుకునేచోట గుండ్రంగా కంత ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి బోర్లా పడుకునేసరికి కండక్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది. మేడమ్ వేళ్ళు మెల్లగా నడుము కిందికి వెతుక్కుంటూ పోయి, సరిగ్గా మేకు ఉన్నచోట ఆగాయి. ఊపిరి వదలమంది, నొక్కింది. కండక్టరమ్మ నోట బస్టాండు తిట్టొకటి దానంతటదే వచ్చేసింది.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ!"

"పర్లేదు, తిట్టు. ఊపిరి బాగా బయటికొస్తోంది."

లేచాక మేడమ్ ఉన్నమాట చెప్పింది. ఇది ఒక్కరోజులో పోయేది కాదు, ఆరు వారాలు పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. ఒక ఇసుక మూట కింద పెట్టి, ఒక మోకాలు నేలకి ఆనించి, మూటని గుండెకి హత్తుకుని, ఊపిరి వదులుతూ ఎలా లేవాలో నేర్పింది. కండక్టరమ్మ పదిసార్లు లేచింది. ఆ తర్వాత మేడమ్ కాగితం మీద 'ఆరు వారాలు బరువులు ఎత్తరాదు' అని రాసింది.

"బిడ్డ తప్ప అని రాయండి."

"బిడ్డా బరువేనమ్మా."

"ఆ బరువు నాకు కావాలండి. మిగతావన్నీ కొట్టేయండి, అదొక్కటీ ఉంచండి."

మేడమ్ ఆ రెండు మాటలూ రాసింది. ఆదివారంలోగా ఇంకో రెండుసార్లు రమ్మంది. కండక్టరమ్మ రెండుసార్లూ వెళ్ళింది.

ఆదివారం పది గంటలకి ఆడపడుచు సంచీతో వచ్చింది. పిల్ల బట్టలు అత్తగారు అప్పటికే మడతపెట్టి ఉంచింది. పిల్ల చాప మీద కాళ్ళాడిస్తోంది. ఆడపడుచు వంగబోయింది.

"ఆగండి!"

అది బస్సులో వేసే కేక. ఇంట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. కండక్టరమ్మ మోకాలు నేలకి ఆనించి, పిల్లని గుండెకి హత్తుకుని, ఊపిరి వదులుతూ లేచింది. నొప్పి వచ్చింది. రానీ అనుకుని నిలబడింది.

"పడిపోతావే!" అంది అత్తగారు.

"పడను. ఒకవేళ పడితే నేను కిందుంటా, పిల్ల నా మీదుంటుంది." కాగితం తీసి మొగుడి చేతిలో పెట్టింది. "గట్టిగా చదవండి."

చదివాడు. చివరి రెండు మాటల దగ్గర గొంతు తగ్గించాడు.

"మరి నీళ్ళెవరు మోస్తారు? బట్టలెవరు ఆరేస్తారు?" అంది అత్తగారు.

"మీ అబ్బాయికి చేతుల్లేవా? నా నడుము బాలేదని మీరంతా కలిసి నా దగ్గర్నుంచి తీసుకున్నది ఒక్క పిల్లనే. ఒక్క బకెట్టు తీసుకున్నారా అత్తయ్యా? ఒక్కటి?"

మొగుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెరట్లో ఉన్న తడిబట్టల తొట్టి ఎత్తబోయి, "అబ్బా, ఇంత బరువా!" అన్నాడు.

ఇంతలో పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి భుజం మీదుగా మేనత్త వైపు చూస్తూ, గుక్కపట్టి మరీ ఏడ్చింది. ఆడపడుచు కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ చాపింది.

"నాకు అలవాటు పడిందే పాపం. ఇలా ఇవ్వు, ఊరుకోబెట్టి ఇచ్చేస్తా."

కండక్టరమ్మ గుండె కలుక్కుమంది. అయినా చేతులు సడలించలేదు.

"వద్దు వదినా, మీరు కూర్చోండి," అంది. తర్వాత పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, "ఏడువమ్మా, ఎంతసేపు ఏడుస్తావో ఏడువు," అంది. "అమ్మ ఎక్కడికీ పోదు."