కడిగించని రీలు

నేను ఒక పాత కెమెరాని. పుట్టింది జపానులో. కాకినాడ చేరేసరికే మూడు చేతులు మారాను. దినపత్రికలో చిన్న ప్రకటనల మధ్య నన్ను అమ్మకానికి పెట్టినవాడు మాత్రం ‘ఒకే చేతి వాడకం, కొత్తదే అనుకోవచ్చు’ అని రాయించాడు. మనుషులు అమ్మే వస్తువు గురించి ఆడినంత నిబ్బరంగా మరెక్కడా అబద్ధం ఆడరు.

ఆ ప్రకటన చూసి నన్ను కొన్నది కరెంటాఫీసులో లైన్‌మేన్ వరహాలరావు. వీధిలో ఎవరింట బారసాల జరిగినా నన్ను మెళ్లో వేసుకుని హాజరయ్యేవాడు. ఊరందరినీ ఫోటో తీశాడు గానీ, సొంత భార్య మంగతాయారు నా ముందుకు రానే రాదు. "ఫోటో దిగితే ఆయుష్షు తగ్గిపోద్దంటండి. నా జోలికి రాకండి బాబూ" అనేది. అన్నవరం కొండ మీద జరిగిన పెళ్లిలో కూడా ఫోటోలు లేవట.

కూతురు ఇందుమతి పుట్టాక, ఆయన పోరు పడలేక ఒక్కసారి ఒప్పుకుంది. ఒకే ఒక్క ఫోటో. రీలింకా పూర్తవనే లేదు, నెల తిరక్కుండా జ్వరమొచ్చి చనిపోయింది. ఎంత ఘోరం! అంతవరకూ ఆ నమ్మకాన్ని చూసి నవ్విన మనిషి, నేనే చంపుకున్నానని కుమిలిపోయాడు. రీలు కడిగించడానికి మనసొప్పలేదు. నన్ను పాత పంచెలో చుట్టి బీరువా అడుగున పెట్టేశాడు. పెద్దయ్యాక ఇందు అమ్మ ఎలా ఉండేదని అడిగితే, "నీలాగే ఉండేదమ్మా" అని లేచి వెళ్లిపోయేవాడు. తనకి గుర్తే లేని ఆ మొహం నా కడుపులో ఉందని ఆ పిల్లకి తెలియదు.

మొన్న ఇల్లు మారే హడావిడిలో ఇందు నన్ను బయటికి లాగింది. "నాన్నా, దీన్ని అమ్మేద్దామా? ఇలాంటివి ఇప్పుడు ఆన్‌లైన్లో ఎగబడి కొంటున్నారు" అంది. ఆయన ఎప్పట్లాగే లేచి వెళ్లిపోయాడు. మాట్లాడకపోతే సరేనన్నట్టే అనుకుని ప్రకటన పెట్టేసింది. పాత కెమెరాల పిచ్చి ఉన్న ప్రసన్న అనే ఆయన రాజమండ్రి నుంచి మెసేజ్ పంపాడు: ‘వెనక మూత తెరిచి లోపలి ఫోటో పెట్టండి.’ పాతవి కొనేవాళ్లంతా అడిగే మాటే అది. ఫోన్లతో పెరిగిన పిల్లకి, రీలుకి వెలుతురు తగలకూడదని ఎవరు చెప్పారు? ఫోటో బాగా రావాలని నన్ను ఎండలోకి తీసుకెళ్లింది. వద్దు తల్లీ, వద్దు! నా గోల ఎవరికి వినబడుతుంది? టక్కున తెరిచి, అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు తీసి పంపింది.

వెంటనే ఫోను మోగింది.

"అయ్యయ్యో, లోపల రీలుందండీ! మూసెయ్యండి, ముందు మూసెయ్యండి!"

మూసింది. నన్ను పట్టుకుని తండ్రి దగ్గరికెళ్లి, "నాన్నా, ఇందులో రీలుందేంటి?" అని అడిగింది.

ఆయన మంచం మీంచి లేచి నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. "అందులో మీ అమ్ముందమ్మా" అన్నాడు.

ఇందు ఏడ్చిన ఏడుపు చూడలేకపోయాను. ప్రసన్న పాపం, బేరం సంగతే మరిచిపోయి మర్నాడు వచ్చి, రీలు పట్టుకెళ్లి కడిగించి తెచ్చాడు. "ఖాళీ కెమెరా అనుకున్నానండీ. ఏమీ మిగల్లేదండీ" అని తల దించుకున్నాడు. ఫోటోలు తీసిన మేరంతా నల్లటి పట్టీ.

"చేతులారా పోగొట్టుకున్నాను నాన్నా" అంటూ ఇందు నేల మీద చతికిలబడింది. వరహాలరావు ఆ పట్టీని కిటికీ వైపు ఎత్తిపట్టి, కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఏం పోలేదమ్మా. ఇలా రా. ఇదిగో, పెరట్లో నూతి గట్టు దగ్గర నిలబడింది. నిన్ను చంకనేసుకుంది. నవ్వుతోంది చూడు."

ఇందు కళ్లు తుడుచుకుని, లేచి ఆయన భుజం పక్కన చేరింది. ఆ నలుపులోకి చూసింది. "అవును నాన్నా" అంది. "కనబడుతోంది."

మంగతాయారు ఆ రోజు నవ్వలేదు. పిల్లని గట్టిగా పొదివి పట్టుకుని, బిక్కమొహంతో నా వైపు చూసింది. ఆ మొహాన్ని చూసినవాళ్లం ఆయనా, నేనూ. ఆయన ఇక చెప్పడు, నేను చెప్పలేను.