ఎడమవైపు ఫొటో

ఆదివారం పొద్దున్నే కుటుంబం గ్రూపులో ఫొటో పడింది. పెట్టింది చిన్న కోడలు. తెల్ల తువ్వాలు మీద బుద్ధిగా కూర్చున్న, కుందేలుపిల్లంత గినీ పిగ్, దాని పేరు పట్టు. పేరుకు తగ్గట్టే బొచ్చు నిగనిగలాడుతోంది. "అబ్బ, ఎంత ముద్దొస్తోందో!" అని ఆడపడుచు రాసింది. "నీ చెయ్యి మంచిదమ్మా" అని అత్తగారు మెచ్చుకుంది. అందరూ తలో మాటా అన్నారు.

అదే ఇంటి కింది వాటాలో, తన దర్జీ షాపులో కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్ద కోడలు ఆ ఫొటోను వేళ్ళతో సాగదీసి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఎక్కడైనా ఒక్క లోపం దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు రోజంతా తీరికుంటే నేనూ దువ్వుకుంటూ కూర్చుందును" అని మిషనుతో చెప్పుకుంది. నిజానికి చిన్న కోడలికి రోజంతా ఆఫీసే. ఆ సంగతి పెద్ద కోడలికి బాగా తెలుసు. కానీ అసూయకు లెక్కలు పనికిరావు కదా!

పిడికెడు జంతువు కోసం తోడికోడళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకోవడమేమిటని మీరు నవ్వుకుంటారేమో. నవ్వే ముందు ఒక్కసారి మీ ఫోను తీసి చూసుకోండి. పక్కింటివాళ్ళ కొత్త సోఫా చూసి మన పాత సోఫాను తిట్టుకోనివాళ్ళం మనలో ఎంతమందిమి?

అసలు సంగతి ఇదీ. నాలుగు నెలల కిందట ఆడపడుచు ఒకే కాన్పులో పుట్టిన మూడు గినీ పిగ్ పిల్లల్ని తెచ్చింది. ఒకటి తన ఊరికి తీసుకెళ్ళి, చెరొకటి అన్నల ఇళ్ళకు ఇచ్చింది. పెద్ద కోడలి కూతురు, పదేళ్ళ పిల్ల, తమ దానికి దూది అని పేరు పెట్టుకుంది. మేడమీద పిన్ని వెంటనే తమ దానికి పట్టు అని పెట్టింది. దర్జీ పని చేసే మనిషికి ఆ తేడా తెలియదా? పట్టు ముందు దూది ఏపాటి! ఆ రోజే గుచ్చుకుంది పెద్ద కోడలికి.

ఆ ఆదివారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ బట్టలారేయడానికి మేడెక్కింది. చిన్న కోడలు ఆఫీసులో ఉంది. వరండాలో పట్టు గూడు, గూట్లో ఒక మూల దూరి పడుకున్న పట్టు, పక్కనే మెత్తటి ఎండుగడ్డి. ఈ గడ్డిలోనే ఏదో ఉంది, లేకపోతే ఆ మెరుపెక్కణ్ణుంచి వస్తుంది అనిపించింది. అటూ ఇటూ చూసి గుప్పెడు గడ్డి లాగి తడిబట్టల బుట్టలో దాచుకుని దిగిపోయింది. దాన్ని దొంగతనం అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. ఊరికే చూద్దామని తెచ్చానని అనేది. ఆ గడ్డి అంతా దూది గూట్లో పరిచింది.

మూడు వారాలు తిరిగేసరికి దూది గోక్కోవడం మొదలెట్టింది. ముందు భుజం దగ్గర పొట్టు లేచింది. తర్వాత బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఎత్తుకుంటే కీచుమని అరిచేది.

"అమ్మా, పిన్నిని అడుగుదామే. పట్టుకి ఏం రాస్తుందో" అంది కూతురు.

"నోర్ముయ్! మేడమీద ఒక్క మాట అన్నావంటే ఊరుకోను. వాళ్ళది తళతళా మెరిసిపోతుంటే, మనదానికి గజ్జి పట్టిందని చాటింపు వేసుకుంటామా? రేపు గ్రూపులో అందరూ 'అయ్యో పాపం' అంటూంటే నేను తలెక్కడ పెట్టుకోను?"

భర్త టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "పక్క వీధిలోనేగా జంతువుల ఆసుపత్రి, తీసుకెళ్ళరాదూ" అన్నాడు.

"మీ తమ్ముడి పెళ్ళాం ఆఫీసు నుంచి వచ్చే దారి అది. చూసిందంటే ఇంకేమైనా ఉందా!"

ఇదీ ఆవిడ భయం. జంతువు ఏమైపోతుందోనని కాదు, తోడికోడలు చూస్తుందేమోనని. అంచేత బజారుకెళ్ళి, కుక్కలకు పట్టే పురుగులు చావడానికి చల్లే పొడి డబ్బా కొనుక్కొచ్చింది. కుక్క మీద పనిచేసేది ఇంత చిన్నదాని మీద పనిచెయ్యదా అనుకుని, మర్నాడు మధ్యాహ్నం దూది ఒళ్ళంతా బాగా పట్టించింది.

బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచీ కిందపడేసి కేకపెట్టింది. దూది నోటి వెంట చొంగ కారుతోంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

"అమ్మా! దూది చచ్చిపోతుందా అమ్మా?"

ఆ గొంతు విన్నాక పెద్ద కోడలికి పరువు గుర్తుకు రాలేదు. కుడుతున్న గుడ్డలోనే దూదిని చుట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని, చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తింది.

ఆసుపత్రి బెంచీ మీద ఒకావిడ గోడవైపు తిరిగి కూర్చుంది. ఒళ్ళో తెల్ల తువ్వాలు. ఎక్కడో చూసిన తువ్వాలే.

"పిన్నీ!" అంది పిల్ల.

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "అక్కా, మీరా?" అంటూనే చేతుల్లో ఉన్న పట్టును గబుక్కున తిప్పి ఎడమవైపు చూపించింది. అలవాటు! కానీ ఆ కంగారులో తువ్వాలు జారింది. భుజం నుంచి తొడ దాకా పట్టు కుడివైపంతా ఎర్రగా, పొక్కులతో, ఒక్క వెంట్రుక లేకుండా ఉంది.

పెద్ద కోడలు వంగి ఆ పుండ్లకేసి చూసింది. "ఎన్నాళ్ళ నుంచే?" అంది.

"మూడు నెలలు కావస్తోంది అక్కా. ఇవాళ సెలవు పెట్టి, బ్యాగులో దాచి తెచ్చాను."

"మరి ఆ ఫొటోలు?"

"అన్నీ ఎడమవైపు నుంచే తీశాను" అంది చిన్న కోడలు, తల దించుకుని.

డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి, మాట కరుకు. ముందు దూదిని లోపలికి తీసుకెళ్ళి, తడిగుడ్డతో పొడంతా తుడిచి, ఇంజెక్షన్ చేసి, వెచ్చని పెట్టెలో పడుకోబెట్టింది. "రెండు రోజులు ఇక్కడే ఉంచాలి. బతుకుతుందనే అనుకుంటున్నాను, మాట మాత్రం ఇవ్వలేను" అని పిల్ల తల నిమిరింది. తర్వాత తోడికోడళ్ళిద్దర్నీ బల్ల ముందు కూర్చోబెట్టింది.

"ఏమ్మా, పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు, ఇంట్లో ఇంకో గినీ పిగ్ ఉందా అని అడిగానా లేదా? ఏమన్నావు?"

"లేదన్నానండీ" అంది చిన్న కోడలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉందంటే దానికీ మందు వెయ్యాలంటారు. అప్పుడు అక్కకి చెప్పాలి. అక్కకి సొంత షాపు, బంగారంలాంటి పిల్ల, అద్దంలాంటి ఇల్లు. నేను ఆఫీసులో పొద్దస్తమానం తిట్లు తిని వచ్చి, అక్క ఇంటి ముందు నుంచి మెట్లెక్కుతుంటే నా కడుపు మండేది. నాకున్నది ఈ పట్టు ఒక్కటే. దీన్నైనా అక్క కంటే బాగా చూసుకున్నాననిపించుకుందామని..."

పెద్ద కోడలు విస్తుపోయింది. తనను చూసి కూడా ఏడ్చేవాళ్ళు ఉంటారని ఆవిడ కలలోనైనా అనుకోలేదు.

"నీ మొహం! నువ్వు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బ్యాగు తగిలించుకుని ఠంచనుగా వెళ్తుంటే నేనిక్కడ మిషను తొక్కుతూ ఎంత ఏడ్చుకున్నానో నీకేం తెలుసు?" అంది. మళ్ళీ తనే, "నీ గూట్లో గడ్డి గుప్పెడు ఎత్తుకెళ్ళిందీ నేనే. ఆ మెరుపు మాకూ వస్తుందని" అంది.

"మెరుపు రాలేదు, పురుగు వచ్చింది" అంది డాక్టరమ్మ. "గడ్డిలో రాకపోతే మీ బట్టలకు అంటుకుని వచ్చేది. ఒకే ఇంట్లో పైకీ కిందికీ తిరుగుతుంటారుగా. ఇది కంటికి కనబడని పురుగు, చర్మంలో తొలుచుకుని ఉంటుంది. మందు ఉంది. దేని బరువుకు తగ్గట్టు దానికి నేనే వేస్తాను. పదిహేను రోజులకొకసారి మూడుసార్లు, రెండింటికీ ఒకే రోజు. పరిచినవన్నీ పారేసి గూళ్ళు వేణ్ణీళ్ళతో కడగండి. ఒకదానికే వేస్తే, పోయిన నెల పట్టుకు అయినట్టే, రెండోదాని నుంచి మళ్ళీ అంటుతుంది. కుక్కల పొడి జోలికి ఇంకెప్పుడూ పోకండి, దీనికది విషం. ఈ కాన్పువి ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"మా ఆడపడుచు దగ్గర ఒకటుందండీ. దానికేం, బాగానే ఉండుంటుంది" అంది పెద్ద కోడలు.

"అడిగారా?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇవాళే చెప్పండి. గజ్జి రావడం తప్పు కాదమ్మా. దాన్ని దాచిపెట్టి పక్కవాళ్ళకు అంటించడం తప్పు."

తోడికోడళ్ళు కలిసి ఇంటికి నడిచారు. దారిలో చిన్న కోడలు మెల్లగా, "అక్కా, గ్రూపులో ఇప్పుడే వద్దు. కాస్త బొచ్చు రానీండి, అప్పుడు చెబుదాం" అంది. పెద్ద కోడలికీ అదే నయమనిపించింది. అన్ని ఫొటోలు పెట్టాక గజ్జి అని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

మూడోనాడు దూది ఇంటికొచ్చింది. పెద్ద కోడలు బట్టల మీద గీతలు గీసే సుద్దతో మందు రోజులు గోడ మీద రాసుకుంది. రెండు గూళ్ళూ ఒకే పూట కడిగారు. చిన్న కోడలు ఆఫీసు నుంచి తిన్నగా షాపులోకే వచ్చి కూర్చునేది. రెండో విడత మందు పడ్డాక రెండింటికీ నూగు మొలిచింది. పిల్ల ఆనందం చెప్పనలవి కాదు.

ఆ తర్వాతి ఆదివారం ఫొటో తీశారు. ఈసారి పెద్ద కోడలే పట్టుబట్టి దూదిని, పట్టును పక్కపక్కన పెట్టి, పుండ్లు మానుతున్న వైపు నుంచి తీయించింది. కింద, "రెండింటికీ గజ్జి పట్టింది. వైద్యం చేయిస్తున్నాం, తగ్గుతోంది" అని రాసింది.

కాసేపటికి ఫోను మోగింది. ఆడపడుచు.

"వదినా," అంది. "మా దానికీ ఇదే వచ్చింది. ఒళ్ళంతా పుండ్లయిపోయింది. చిన్నవదిన పెట్టే ఫొటోలు చూసి, నా చేతకానితనమే అనుకుని ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మొన్న శుక్రవారం పోయింది వదినా. మందుంటుందని నాకు తెలీదు."

పెద్ద కోడలు గోడ మీది సుద్ద రాతల వైపు చూసింది. మొదటి మందు పడి అప్పటికి మూడు వారాలు.

చిన్న కోడలు తన ఫోను తీసి పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. పెద్ద కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే," అంది. "మనం మంచివైపే చూపించుకున్నంతకాలం, మనల్ని చూసేవాళ్ళు తమ పుండ్లు దాచుకుంటూనే ఉంటారు. అవి చూసినప్పుడల్లా మనకిది గుర్తుండాలి."