దొడ్డివైపు గది

వరద వచ్చినా మాకే ఫోను, గ్యాస్ బండ పేలినా మాకే ఫోను. అల్లూరు చుట్టుపక్కల గోడలకు పట్టిన మసి కడగాలన్నా, బూజు గీకాలన్నా ఆండ్రూ, అతని భార్య కెజియా గుర్తుకొస్తారు. ఆ కెజియా నేనే. బాగున్న ఇంటికి రంగులు వెయ్యాలంటే మాత్రం నెల్లూరు నుంచి వేరేవాళ్ళు వస్తారు. ఇళ్ళు పాడైనప్పుడే మా ముఖం చూసే జనమంటే నాకు కాస్త ఒళ్ళుమంట ఉన్న మాట నిజమే. ఆదిశేషమ్మ గారి ఇంటి సంగతి తలుచుకుంటే వచ్చే కోపం మాత్రం వేరు. అది ఇవాళ్టికీ తగ్గలేదు.

ఆదిశేషమ్మ గారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పెంచలకృష్ణ, చిన్నవాడు హరినాథ్. వరి మానేసి రొయ్యల గుంటలు తవ్వుకున్న కుటుంబం. అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కనే, నడుమ ఒక పిట్టగోడ. ఆమె ఉండేది చిన్నవాడి దగ్గర. కార్తీకమాసం తుపానుకు గుంటల కట్ట తెగి, పల్లంలో ఉన్న పెద్దవాడి ఇంట్లోకి ఉప్పునీళ్ళు నిండాయి. దొడ్లో మోటారు ఆపుదామని ఆ నీళ్ళలో దిగిన పెంచలకృష్ణ కరెంటు కొట్టి అక్కడే పోయాడు.

పోయింది ధనిష్ఠ నక్షత్రంలో అని పంతులు తేల్చాడు. ధనిష్ఠలో ఎవరైనా పోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసిపెడతారు. తలుపు తియ్యకూడదు, దీపం పెట్టకూడదు, లోపల మనిషి మసలకూడదు. గడువులోగా తెరిస్తే ఆ కుటుంబంలో ఇంకొకరు పోతారని భయం.

నీళ్ళు తీశాక తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనిస్తే ఎంత తడిసిన ఇల్లయినా తేరుకుంటుంది. ఈ ఇంటికి నీళ్ళు దిగగానే తాళం వేశారు. తడి, ఉప్పు లోపలే ఉండిపోయాయి.

వైశాఖంలో గడువు తీరాక ఆదిశేషమ్మ గారు మా ఆయనను పిలిపించింది.

"హోమం చేయించేదాకా మావాళ్ళెవురూ లోపలికి పోరు ఆండ్రూ. మీకు ఈ పట్టింపులు ఉండవు గదా. మీరు పోయి గీకి, కడిగి చూడండి. నిలబడుద్దంటే బాగుచేయిద్దాం. లేదంటే పడగొట్టిద్దాం."

మాకు నక్షత్రాలు లేవు గనక మా మీద పడేదీ ఏమీ ఉండదని వాళ్ళ లెక్క. నాకు నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. ఆయనకు పని దొరికితే చాలు, ఎందుకు దొరికిందని అడగడు.

ఆ ఇల్లు పడగొడితే ఎవరికీ పోయేదేమీ లేదు, ఒక్క భానుప్రియకు తప్ప. పెంచలకృష్ణ భార్య ఆమె. మూడో తరగతి చదివే కూతురు కామాక్షితో ఆరు నెలలుగా మరిది హరినాథ్ ఇంట్లోనే ఉంటోంది. ఉంటోంది అంటే, ఆ ఇంటికీ గుంటల మీద పనిచేసేవాళ్ళకూ వంట ఆమే, అంట్లు ఆమే, పడక వరండాలో. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అది కూడా చెప్పాలి. కానీ హరినాథ్‌కు ఆ స్థలంలో రొయ్యల మేతకు గోడౌను కట్టాలని ఉంది. ఇల్లు పోతే భానుప్రియ బతుకంతా ఆ వరండాలోనే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మేము ముందు తలుపు తాళం తీసిన రోజు వాళ్ళంతా పిట్టగోడ అవతలే నిలబడ్డారు. తలుపు ఉబ్బిపోయి కదల్లేదు. మా ఆయన భుజంతో నెట్టాడు. లోపలి వాసన ముఖం మీద కొట్టింది. మూలన పడేసి మరిచిపోయిన తడిబట్టల వాసన, దానికి రొయ్యల గుంట కంపు తోడయింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని టార్చి వేశాను. నడుముల దాకా గోడలకు తెల్లగా ఉప్పు పూసింది. దాని పైన శ్లాబు దాకా నల్లటి బూజు. దండెం మీద పెంచలకృష్ణ చొక్కా ఒకటి అలాగే వేలాడుతోంది. నేను పట్టుకోగానే చేతిలో పొడిపొడిగా రాలిపోయింది. ఆ చొక్కాను నేను ఎరుగుదును. తుపానుకు ముందటేడు క్రిస్మస్‌కు మా ఇంటికి కేకు తినడానికి వచ్చినప్పుడు వేసుకున్నాడు.

ముందు గది, నడిమి గది, వంటిల్లు, అన్నీ ఒకటే తీరు. చివరగా దొడ్డివైపు గది తలుపు తోశాను. అది మెత్తగా తెరుచుకుంది.

ఆ గది పొడిగా ఉంది. గోడల మీద నీటి చార ఉంది కానీ బూజు లేదు. మూలమూలకూ జల్లెడ గంపల్లో బొగ్గులు పోసి ఉన్నాయి, చెమ్మ పీల్చడానికి. కిటికీ రెక్క ఇట్టే కదిలింది. మడతబందుకు రాసిన కొబ్బరినూనె నా వేలికి అంటింది. ఊడ్చిన నేల మీద దుమ్ము కూడా లేదు. నేను గబుక్కున తలుపు దగ్గరికి లాగాను.

మధ్యాహ్నం భానుప్రియ మజ్జిగ చెంబు తెచ్చి దొడ్డి గుమ్మం బయట పెట్టింది. నేను ఆమె వేళ్ళ వంక చూశాను. బొగ్గు మసి గోళ్ళ సందుల్లోంచి అంత తొందరగా పోదు.

"నువ్వేనామ్మా?" అన్నాను.

ఆమె చుట్టూ చూసింది. "చెప్పబాకక్కా."

ఆ తరవాత తనే చెప్పింది. దొడ్డి తలుపు తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయిందట. మధ్యాహ్నం అందరూ కన్నుమూశాక వచ్చి కిటికీ తెరిచి, కాసేపు కూర్చుని, మళ్ళీ మూసి పోయేదట. మిగతా కిటికీలు వీధికి కనిపిస్తాయి, అందుకని ఈ ఒక్క గదే.

"అంతా పోయినా ఈ గదన్నా నిలిస్తే నేనూ నా బిడ్డా ఇందులో ఉండొచ్చు గదా అనుకున్నా. ఇది కామాక్షి గదక్కా. వాళ్ళ నాయన దాని కోసమే ఏసినాడు."

"మంచి పని చేసినావు. దీనికి భయమెందుకు?"

ఆమె పిట్టగోడ అవతలికి చూసింది. "నడుమ బాబు పోయినాడు గదా."

నాకప్పుడు అర్థమైంది. హరినాథ్‌కు చాలా ఏళ్ళ తరవాత పుట్టిన కొడుకు. పుష్యంలో పుట్టి ఫాల్గుణంలో పోయాడు. అన్న పోయిన ఏడాదిలో వద్దని బారసాల కూడా చెయ్యలేదు, పేరు లేకుండానే పోయాడు ఆ పసివాడు. కామాక్షి బడి నుంచి రాగానే సంచీ పడేసి వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చునేది.

"నెల్లూరు హాస్పిటల్లో న్యుమోనియా అన్నారంట గదా. నువ్వు కిటికీ తీస్తే వాడికేం?"

"నాకూ తెలుసక్కా," అంది. "కానీ వాడు పోయిన నాడు కూడా తెరిచినా."

ఆ మాట అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం మోపెడ్ మీద ఇంటికి పోతూ మా ఆయనకు అంతా చెప్పాను. ఆ గది గురించి నోరు జారావో నీకు అన్నం పెట్టనని కూడా చెప్పాను. ఆయన సరేనన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

మేము ముందు గదుల పూత చెక్కుతుండగా హరినాథ్ ఒక కాంట్రాక్టరును తీసుకొచ్చాడు. పేరు నరేంద్రబాబు, ముత్తుకూరులో పోర్టు పనులు చేసినవాడు. మనిషి మర్యాదస్తుడే. ముందు గదిలో గోడ మీద కొట్టి చూశాడు, వంటింట్లో శ్లాబు చూశాడు, బయటికొచ్చి ముక్కుకు అడ్డంపెట్టిన జేబురుమాలు తీశాడు.

"ఉప్పు బాగా తాగినాయి గోడలు. ఇన్నాళ్ళు మూసిపెట్టినారు. ఎంత గీకినా మళ్ళీ ఉబుకుతుంది. పడగొట్టి కట్టుకోండమ్మా, అదే మేలు."

ఆదిశేషమ్మ గారు మా ఆయన వంక చూసింది. "నువ్వేమంటావు ఆండ్రూ?"

"నిలబడుద్దమ్మా. ఇటుక గట్టిగానే ఉండాది. పూత చెక్కి, ఎండకు ఆరబెట్టి, సున్నం కొడితే చాలు."

"ఏం చూసి అంటున్నావన్నా?" అన్నాడు హరినాథ్. వెటకారం లేదు ఆ గొంతులో. చూపిస్తే చూద్దామనే అడిగాడు.

మా ఆయన నా వంక చూశాడు. చూపించడానికి ఒక్కటే ఉంది, అది చూపించకూడదు. నేను తల దించుకున్నాను. ఆ గది చూపిస్తే ఇల్లు దక్కుతుంది, భానుప్రియ దొరికిపోతుంది. చూపించకపోతే ఇల్లు పోతుంది. ఇంత దిక్కుమాలిన బేరం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

"సరే, పడగొట్టిద్దాంలే," అంది ఆదిశేషమ్మ గారు. "భానూ మాతోనే ఉంటది."

"ఆండ్రూ అన్నా," అంది భానుప్రియ వెనక నుంచి. "దొడ్డివైపు గది చూపించు."

అందరం ఇంటి చుట్టూ తిరిగి దొడ్లోకి వెళ్ళాం. వాళ్ళు లోపలికి రారు గనక మా ఆయన కిటికీ తెరిచి పక్కకు జరిగాడు. నరేంద్రబాబు తల లోపలికి పెట్టి చూశాడు. చెయ్యి చాపి గోడ తడిమాడు. ఆయన ముఖం విప్పారింది.

"అరె, ఇది బాగుందే. ఇది ఇట్టా ఉందంటే మిగతాది కూడా నిలబడుద్ది. నేనే తొందరపడినా."

"ఇదొక్కటే ఎందుకు బాగుండాది?" అన్నాడు హరినాథ్.

"మేం వచ్చినాక కిటికీ తీసినాం, గాలి తగిలింది," అన్నాను నేను.

"లేదమ్మా," అన్నాడు ఆ మహానుభావుడు. "రెండు మూడు రోజుల్లో ఆరే చెమ్మ కాదిది. నీళ్ళు దిగిన కాడ్నించీ ఎవురో రోజూ గాలి ఆడనిచ్చినారు. ఎవురో గానీ మంచి పని చేసినారు."

హరినాథ్ మడతబందు మీద వేలు పెట్టి, ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నేనే తీసినా," అంది భానుప్రియ.

పిట్టగోడ అవతల హరినాథ్ భార్య బట్టలు ఆరేస్తోంది. చేతిలో బట్టతోనే నేల మీద కూలబడింది. హరినాథ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "వదినా, వాడికి పేరు కూడా పెట్టుకోలేదు గదా," అని మాత్రం అని, ముఖం అటు తిప్పుకున్నాడు.

నాకు ఆగలేదు. "హాస్పిటల్లో న్యుమోనియా అన్నారు గదమ్మా," అన్నాను ఆదిశేషమ్మ గారితో. "దీనికీ దానికీ ఏం సంబంధం?"

"మీకు తెలీదులే కెజియా," అంది ఆమె. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అంత దూరంగా చూడటం అదే మొదటిసారి. తరవాత పెద్దకోడలి వైపు తిరిగింది. "నా కొడుకు పోయినాడని నీ మీద జాలిపడినా. ఇల్లు కావాలన్నావు, తీసుకో. బాగుచేయిస్తా. హోమం మాత్రం చేయించను. మాలో ఎవురూ ఆ గడప తొక్కరు. నువ్వు మా గడప తొక్కబాకు."

కామాక్షి నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని అంతా వింటూ ఉంది. ఆ పిల్లను ఎవరూ అక్కడి నుంచి పంపలేదు. నాకైనా తోచలేదు.

అనుకున్న మాట ప్రకారం పని సాగింది. అది అయ్యేదాకా భానుప్రియ రాత్రిళ్ళు మా ఇంట్లో తలదాచుకుంది, కామాక్షి నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. పాత పూతంతా చెక్కేశాం, తలుపులు, కిటికీలు తెరిచిపెట్టాం, వైశాఖం ఎండ గదులన్నిటిలోకీ వచ్చింది. రెండు పూతలు సున్నం కొట్టాం. కామాక్షి గదికి లేత ఆకుపచ్చ రంగు వేయమని భానుప్రియ అడిగింది, అది వేశాం. నరేంద్రబాబు మళ్ళీ ఒకసారి వచ్చి చూసి మెచ్చుకుని పోయాడు. తన మాటతో ఏం జరిగిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

భానుప్రియ ఇంట్లోకి వచ్చిన ఉదయం చుట్టాలు లేరు, పంతులు లేడు. మేమిద్దరమే. ఆమె ఇటుకలు పెట్టి పాలు పొంగించింది. మా ఆయనకు ఏం చెయ్యాలో తెలియక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను మనసులో ప్రార్థన చేశాను, అది నాకు వచ్చిన పని గనక.

ఆమె ఒక గ్లాసులో పాలు పోసుకుని వాకిట్లోకి వెళ్ళింది. గేటు అవతల నాయనమ్మ పక్కన కామాక్షి బడి బట్టల్లో నిలబడి ఉంది. ఎవరూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపలేదు, నేను కళ్ళారా చూశాను.

"రా బిడ్డా. నీ గది చూద్దువు, పచ్చ రంగేసినారు."

కామాక్షి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వు కిటికీ తీసినందుకేనా అమ్మా తమ్ముడు పోయింది?"

భానుప్రియ కాదంటుందని చూశాను. న్యుమోనియా అంటుందని చూశాను. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఆదిశేషమ్మ గారు పిల్లను తీసుకుని బడి వైపు నడిచింది. మలుపు తిరిగేదాకా ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

లోపలికి వచ్చి భానుప్రియ గ్లాసు కిందపెట్టింది. దొడ్డివైపు గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు దగ్గరికి లాగింది.

"మూయబాకమ్మా," అన్నాను. "గోడ ఇంకా పచ్చిగానే ఉండాది. తెరిచే ఉంచాల."

ఆమె గడియ పెట్టింది.