కేకలమ్మ పలక

ఆ కుర్చీలు ఇలా పొయ్యి దగ్గరికి లాక్కోండి. ఇంకా దగ్గరికి. చేతిలో కాఫీ ఉంటే తాగుతూనే వినండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు, గొంతు పోయినావిడ కథ.

హారో క్రీక్‌లో వెర్నా హాల్వర్సన్ అంటే ఎవరని అడిగేవాళ్ళు ఉంటారేమో గానీ, కేకలమ్మ ఎవరని అడిగేవాళ్ళు లేరు. ఊరి హాల్లో స్క్వేర్ డ్యాన్స్ జరిగినప్పుడల్లా వేదిక ఎక్కి అడుగులు చెప్పేది ఆవిడే. నాలుగు జంటలు నలుపక్కలా నిలబడతాయి, ఎవరికైనా ఒకపక్క తన జోడీ, రెండోపక్క పక్కజంటలోని మూలజోడీ. ఫిడేలు మొదలవుతుంది. ఇక ఎవరు ఎటు తిరగాలో, ఎవరి చెయ్యి అందుకోవాలో, ఎప్పుడు వదలాలో అంతా ఆ కేకలోనే ఉంటుంది. "జోడీకి దండం పెట్టు! మూలజోడీకి దండం పెట్టు! కుడిచేతులు కలుపు, గిర్రున తిరుగు!" వెర్నా కేక వేస్తే బయట బళ్ళలో కూర్చున్న కుక్కలు కూడా లేచి ఒకసారి చుట్టు తిరిగేవని చెప్పుకునేవారు.

ఆ హాలుకి ఒక పద్ధతి ఉంది. ముందు కాలు, తర్వాత నోరు. కేక వినపడగానే ఆడెయ్యాలి. అది తప్పో ఒప్పో ఆట అయ్యాక అడుక్కోవాలి. మధ్యలో నిలబడి ఆలోచించావా, మిగతావాళ్ళంతా వచ్చి నీమీద పడతారు. తాతలనాటినుంచీ అంతే.

మరి అలాంటి వెర్నాకి ఆ వేసవిలో గొంతులో చిన్న కాయ కాసింది. పట్నంలో డాక్టరు దాన్ని తీసేసి, ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మునుపటిలా రాదన్నాడు. రాలేదు. గోధుమచేను మీదుగా గాలి పోయినట్టు ఒక గుసగుస మిగిలింది. అదైనా పక్కన కూర్చుంటేనే వినపడేది. వెర్నా ఎవరితోనూ ఏమీ అనలేదు. అనడానికి లేదు కూడా. కానీ హాలు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టుదారిన వెళ్ళేది.

కోతలు సగంలో ఉండగా ఆవిడ అన్న కూతురు టీగన్ వచ్చింది, చంకలో ఒక అట్టపెట్టెతో.

"అత్తా, నీకో టాబ్లెట్ తెచ్చాను."

వెర్నా మొగుడు ఎమిల్ పేపరు దించి ఆ పెట్టె వంక చూశాడు. "గొంతుకేనా? మరీ ఇంత పెద్దదైతే ఎలా మింగుతుందే?"

"ఇది మింగేది కాదు మావయ్యా, చూసేది!"

"చూస్తే తగ్గే మందా? మా రోజుల్లో ఇలాంటివి లేవమ్మా."

నిజంగానే అన్నాడో, ఆటపట్టించాడో, ఎమిల్ మొహం చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

అది చూడటానికి బడిపిల్లల పలకలాగే ఉంది. అందుకని వెర్నా దాన్ని పలక అంది, ఇక ఇంట్లో అదే పేరు నిలిచింది. వారం తిరక్కుండానే అది వంటింట్లో పిండిడబ్బాకి ఆనుకుని కాపురం పెట్టింది. యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే పై కోసం పిండి పిసుకుతుంటే ఎంత వెన్న వెయ్యాలో అదే చదివి చెప్పేది. పిండివేలితో తాకితే మాత్రం పలికేది కాదు, వెర్నా ముక్కుతో పొడిచేది. రెండు వేళ్ళు పెట్టి విడదీస్తే సన్న అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యేవి. బొమ్మముక్కలు కలిపే ఆట అందులో ఉంది, ఒక్క ముక్కా సోఫా కిందికి దొర్లిపోదు. బ్రిటిష్ కొలంబియాలో ఉన్న అక్క ఆర్డిస్ అందులో కనిపించేది, కాకపోతే ఎప్పుడూ నుదురు మాత్రమే.

ఎమిల్ మొదట దాని జోలికి పోలేదు. తర్వాత వానమేఘం ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి ఒకసారి తీశాడు. ఆ తర్వాత కర్లింగ్ పోటీలు చూడ్డానికి తీశాడు. మంచుమీద రాళ్ళు జారుతుంటే ఈయన బల్లమీద ఉప్పుడబ్బా జరిపేవాడు. అక్కడినుంచి ఇద్దరికీ పలక దగ్గర పేచీ.

ఒక సాయంత్రం ఎమిల్ పొలంనుంచి వచ్చి, బురద బూట్లతో వంటింట్లోకి నాలుగడుగులు వేశాడు. వెర్నా గుసగుసగా అరిచింది. వినపడలేదు. వినపడనట్టు ఉన్నాడేమో కూడా. ఆవిడకి ఒళ్ళు మండి పలకమీద టకటకా ఏదో కొట్టింది. రాసింది చదివి వినిపించే గుణం దానికి ఉందని టీగన్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నొక్కింది.

"ఎమిల్! బూట్లు విప్పు!" అంది పలక, స్కూలు ఇనస్పెక్టరమ్మలాంటి గొంతుతో.

ఎమిల్ ఉలిక్కిపడి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. "దేవుడు నాకు రెండు నెలలు విశ్రాంతి ఇచ్చాడనుకున్నా. ఇంతలో ఇంకో పెళ్ళాన్ని తెచ్చిపెట్టారా?"

వెర్నా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆపరేషనయ్యాక అలా నవ్వడం అదే మొదలు. అప్పుడే ఆవిడ మనసులో ఒక ఊహ మెరిసింది. మెరిసిందే గానీ, దాన్ని పైకి తీయడానికి భయం వేసింది.

ఆ భయాన్ని పోగొట్టినవాడు లోర్న్ పికార్డ్. హాలుకి పెద్ద అతనే. టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, కాఫీ తీసుకుని, పంటల సంగతి మాట్లాడి, చివరికి అసలు మాటకి వచ్చాడు.

"వెర్నా, నువ్వు మరోలా అనుకోకు. ఈసారి కోతల విందుకి బయటినుంచి ఒకతన్ని పిలుద్దామంటున్నారు. రికార్డులు వేస్తాడు. అడుగులు చెప్పేది కూడా అందులోనే ఉంటుందట."

"ఎవరి గొంతు?" అంది వెర్నా గుసగుసగా.

"ఎవరిదో మరి. టెక్సాస్ మనిషట."

వెర్నా పలక ముందుకు లాక్కుంది. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొడుతుంటే లోర్న్ కాఫీ చల్లారిపోయింది. ఎమిల్ ఒక యాపిల్ పై ముక్క తిని, ఇంకోటి కోసుకున్నాడు. చివరికి పలక నోరు విప్పింది.

"టెక్సాస్ మనిషికి నీ ఎడమ మోకాలు తిరగదని తెలుసా లోర్న్? మార్లీన్, గ్లెన్నిస్ ఎదురెదురుగా నిలబడితే కొట్టుకుంటారని తెలుసా? అడుగులు నేనే చెబుతాను."

లోర్న్ టోపీ కింద పడింది. "ఇది... ఇలా... హాల్లో చెప్తుందా?"

"బూట్లు విప్పిస్తుంది కూడా. జాగ్రత్త," అన్నాడు ఎమిల్.

లోర్న్ వంగి టోపీ తీసుకున్నాడు. "సరే. ఈ ఒక్కసారి చూద్దాం. ఆట సాగిందా, బతికినన్నాళ్ళూ వేదిక నీదే. గందరగోళమైందా, వచ్చే ఏటినుంచి రికార్డులు. పదిమందికీ నేను జవాబు చెప్పుకోవాలి కదమ్మా."

 వెర్నా తల ఊపింది.

ఇక రోజూ సాధనే. బల్లమీద ఉప్పు, మిరియాలు, చక్కెర, ఆవపిండి డబ్బాలు జంటలుగా నిలబెట్టేది. వెనిగర్ సీసా లోర్న్. పలక కేక వేస్తుంటే ఎమిల్ వాటిని తిప్పేవాడు. "లోర్న్ పుల్లగా ఉన్నాడు, ఎవరూ చెయ్యి పట్టడంలేదు," అనేవాడు.

కోతలయ్యాయి. విందు రోజు వచ్చింది. హాలంతా టర్కీ మాంసం వాసన, క్యాబేజీ ఆకుచుట్టల వాసన, తడి కోట్ల వాసన. తిన్నవాళ్ళు తిన్నట్టే లేచి బల్లలు మడిచి గోడకి చేర్చారు. టీగన్ పలకని హాలు మైకుపెట్టెకి తగిలించింది. వెర్నా నీలం గౌను వేసుకుని వేదికమీద, ఎత్తు కుర్చీలో, ఒళ్ళో పలకతో కూర్చుంది.  ముసలి నెస్టర్ ఫిడేలు భుజాన పెట్టి కన్ను గీటాడు.

"జోడీకి దండం పెట్టు!" అంది ఇనస్పెక్టరమ్మ. హాలంతా గలగలా చప్పట్లు. అందరూ వంగారు. బాగానే ఉంది.

అయితే వంటింట్లో డబ్బాలు ఎంతసేపైనా ఆగుతాయి, ఫిడేలు ఆగదు. వెర్నా వేళ్ళు పరుగెత్తాయి. పరుగెత్తినచోట అక్షరాలు తడబడ్డాయి. ఆ పలకకి ఇంకో గుణం ఉంది, తప్పురాసిన మాటని మంచిమనసుతో తనే దిద్దేస్తుంది, తనకి తోచినట్టు. మూలజోడీ అని రాయబోతే అది ఏమని దిద్దుకుందో తెలుసా?

"మూలశంకకి దండం పెట్టు!"

 కానీ పద్ధతి పద్ధతే కదా, ముందు కాలు. అందరూ వెనక్కి తిరిగి, ఎవరికి అందిన వెనకభాగానికి వాళ్ళు వంగి దండం పెట్టారు. నెస్టర్ కమాను తీగమీంచి జారి కుయ్యిమంది.

"లోర్న్, నీ సంగతి దానికెవరు చెప్పారయ్యా?" అని మార్లీన్ అరిచింది.

"నాది తగ్గిపోయింది!" అని లోర్న్ తిరిగి అరిచాడు. అరిచాక గానీ ఏమన్నాడో తెలియలేదు పాపం.

వెర్నా చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే గొలుసు కట్టమని రాసింది. గొలుసు అంటే చేతులు మారుస్తూ వలయంగా పోవడం.

"గొడుగు పట్టు!" అంది పలక.

మగవాళ్ళు చేతులెత్తి గొడుగులు పట్టారు. ఆడవాళ్ళు వాటికింద దూరారు. పొడుగాటి గ్లెన్నిస్ పట్టక మోకాళ్ళమీద కూలబడింది. నవ్వుతున్నారు, నిజమే. కానీ వెర్నాకి ఆ నవ్వు వినపడలేదు. ఆవిడ చెవుల్లో టెక్సాస్ మనిషి గొంతు మోగుతోంది. దిద్దాలని నొక్కబోతే పలకే తనంతట తాను మరోసారి నోరు తెరిచింది.

"కోళ్ళగూడు తలుపు వెయ్యండి!"

అది అడుగు కాదు, ఆటా కాదు. ఎమిల్ మరిచిపోతున్నాడని, రోజూ ఆ వేళకి గుర్తుచేయమని టీగన్ పలకకి చెప్పిపెట్టింది. ఇంటి దగ్గరైతే ఎమిల్ లేచి వెళ్ళేవాడు. ఇక్కడ హాలు నిండా మనుషులు. కేక వచ్చింది, ఆడాలి. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? మగవాళ్ళు గబగబా చేతులు కలిపి కంచె కట్టారు. ఆడవాళ్ళు లోపల గొంతుక్కూర్చుని మోచేతులు టపటపలాడిస్తూ క్కొక్కొక్కో అన్నారు. ఎనభై దాటిన నెస్టర్ ఫిడేలుమీద కోడి గుడ్డుపెట్టిన పాట ఎత్తుకున్నాడు.

అయిపోయింది, అనుకుంది వెర్నా. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని లోర్న్ కోసం వెతికింది. గోడవారన నిలబడి, మొహం గంటుపెట్టుకుని ఉంటాడనుకుంది. గోడవారన లేడు. కంచె మధ్యలో, తిరగని మోకాలిమీదే వంగి, రెండు మోచేతులూ రెక్కల్లా ఆడిస్తూ, నవ్వి నవ్వి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే ఊళ్ళోకెల్లా పెద్ద కోడి అయి ఉన్నాడు.

అప్పుడు వెర్నాకి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళూ తన గొంతు ఆడించిందనుకుంది వీళ్ళని. కాదు, వీళ్ళు ఆడటానికి కాళ్ళు ఎత్తి కాచుకుని ఉన్నారు, చెప్పే బుర్ర ఒకటి కావాలి అంతే. ఆ బుర్రని డాక్టరు కొయ్యలేదు. ఆవిడ పలకమీదికి వంగింది. ఈసారి నెమ్మదిగా, ఒక్క తప్పూ లేకుండా కొట్టింది.

"నక్క వచ్చింది!"

హాలు పేలిపోయింది. కోళ్ళు కంచె దూకాయి. టీగన్‌నే నక్కని చేసి తరిమారు.

"పుంజులు కావలి! పెట్టలు చుట్టూ తిరుగు! గుడ్డు దాచు, జోడీకి ఇయ్యి! జోడీని గిర్రున తిప్పి ఇంటికి తీసుకుపో!"

ఇక తప్పు వస్తే దిద్దలేదు. దాన్నే అడుగు చేసి, దానికి తగ్గ తర్వాతి అడుగు అల్లింది. ఫిడేలు ఆగేసరికి నిలబడ్డవాళ్ళకన్నా కూలబడ్డవాళ్ళే ఎక్కువ.

లోర్న్ కుంటుకుంటూ వేదిక దగ్గరికి వచ్చాడు. ఏదో పెద్దమనిషిలా మాట్లాడబోయాడు, ఊపిరి అందలేదు. వేదిక అంచు పట్టుకుని, వేలెత్తి వెర్నాని చూపించాడు. "నీదే," అన్నాడు. "ఆ టెక్సాస్ వాణ్ణి టెక్సాస్‌లోనే ఉండమను."

వెర్నా ఏదో అంది. గుసగుస కదా, ఆ సందట్లో ఎవరికీ వినపడలేదు. కళ్ళు తుడుచుకోవడం మాత్రం అందరూ చూశారు.

అప్పుడు ఎమిల్ వచ్చాడు. పలకని ఆవిడ ఒళ్ళోంచి తీసి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"అడుగులన్నీ ముందే రాసిపెడితే ఇది వరసగా చెప్పేస్తుందటగా? టీగన్ చెప్పింది."

వెర్నా తలూపింది.

"మరి నీ నోరు కుర్చీలో కూర్చుంటుంది. నీ కాళ్ళకి ఈ వేదికమీద పనేముందే?"

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పెళ్ళయిన ఏడాదే వేదిక ఎక్కిన మనిషి. ఊరంతటినీ ఆడించింది గానీ, మొగుడితో ఒక్క ఆటా ఆడలేదు. ఈయన మరదళ్ళతోనో, పక్కింటావిడతోనో ఆడుతుంటే పైనుంచి కేక వేసేది. ఆవిడ వంగి ఇంట్లో సాధన చేసిన అడుగులు వరసగా పెట్టి, ఒకటి నొక్కి, మెట్లు దిగింది.

ఆడటం వచ్చనుకుంటున్నారా? అందరికీ కుడీ ఎడమా చెప్పిన మనిషికి కిందికి దిగాక కుడి ఏదో ఎడమ ఏదో తెలియలేదు. ఎమిల్ కాలు తొక్కింది. మార్లీన్‌ని గుద్దింది. ఎదురుగా పోవాల్సినచోట గోడదాకా పోయింది. "కేకలమ్మా, ఎటమ్మా పోతున్నావు, పొలానికా?" అని హాలంతా ఎగతాళి. వెర్నా నవ్వుతూనే ఉంది, చప్పుడు లేకుండా, భుజాలు ఊగిపోయేలా. "ఇంకోసారి!" అని ఎమిల్ చెవిలో గుసగుసలాడింది. ఆయనకి వినపడింది. మళ్ళీ గిర్రున తిప్పాడు.

ఇప్పటికీ హారో క్రీక్‌లో కోళ్ళగూడు ఆట లేకుండా కోతల విందు ముగియదు. మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ఏదో ఒకటి పోగొట్టుకుని మూల కూర్చున్నవాళ్ళు మీకు కనిపిస్తే, పక్కన చేరి ఈ కథ చెప్పండి. కోళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం సిగ్గుపడకుండా, మోచేతులు ఆడించి మరీ చెప్పాలి.