మింగిన ఇసుక

నేను పిరికివాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను తిట్టుకునే పని కొంత తగ్గుతుంది.

ఆ ఓడలో నా పని ఇసుక గడియారం తిప్పడం. పై బుడ్డిలోని ఇసుకంతా కిందికి జారడానికి అరగంట పడుతుంది. జారగానే తిరగేసి, పక్కన వేలాడే గంట కొట్టాలి. ఆ గంటలు లెక్కపెట్టుకుని మా మామయ్య, అంటే నా భార్య తండ్రి, ఓడ ఎంత దూరం వచ్చిందో పలక మీద వేసేవాడు. ఓడకు దారి చెప్పేది ఆయనే. ఎండ కాస్తే మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూసి లెక్క సరిచూసుకుంటాడు. కాయకపోతే నేను కొట్టిన గంటే ఆయనకు ఆధారం.

నాలుగు రోజులుగా ఎండ లేదు. పది బారల దూరంలో ఏముందో కనిపించనంత పొగమంచు.

ఇక్కడే నా నిర్వాకం చెప్పాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, నిద్ర ముంచుకొస్తుంటే, ఇసుక పూర్తిగా జారకముందే గడియారం తిరగేసేవాణ్ణి. కాస్త ముందే గంట, కాస్త ముందే నా వంతు పూర్తి, కాస్త ముందే దుప్పటి. ఓడ మీద దీన్ని ఇసుక మింగడం అంటారు. చాలామంది చిటికెడు మింగుతారు. నేను ఆ నాలుగు రోజులూ విందు భోజనమే చేశాను.

మామయ్యకు అనుమానం రాకపోలేదు. "చీకటి పడటం ఇంత ఆలస్యమవుతోందేమిటోయ్?" అని ముందురోజు అడిగాడు కూడా. "ఈ మంచులో ఏది పగలో ఏది రాత్రో ఎవరికి తెలుస్తుందండీ" అన్నాను. అల్లుడి మాట కదా, నమ్మాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కెప్టెన్‌తో చెబుతుంటే విన్నాను. "ఇంకో మూడుసార్లు గంట మోగనివ్వండి. అప్పటికి కొండ దాటేస్తాం. ఎడమకు తిప్పుదాం."

కొండ అంటే తీరం నుంచి సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతిగోడ. దాటాక తిప్పితే రేవు. దాటకముందే తిప్పితే రాయి. సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు చూసుకుందామన్నా లాభం లేదు, ఆ గోడ అంచున కూడా తాడుకు అడుగు తగలదు.

నేను ఎంత మింగానో ఓడ అంత వెనకబడి ఉంది. కొండ ఇంకా ముందే ఉంది. ఓడలో నాతో కలిపి ముప్ఫై ఎనిమిది మందిమి.

మరి చెప్పేస్తే? కెప్టెన్‌ను మేం చాటుగా ముల్లుగర్ర అనేవాళ్ళం. కిందటేడు చుక్కాని దగ్గర కునుకు తీసినవాడికి నలభై కొరడా దెబ్బలు వేయించాడు. వాడు నెల రోజులు బోర్లా పడుకున్నాడు. నా వీపు అప్పటికే మండుతున్నట్టు అనిపించింది.

మొదటి గంట కొట్టాను. ఇక నిలబడలేక గడియారం పక్కవాడికి అప్పగించి మామయ్య గదిలోకి వెళ్ళాను.

"మామయ్యగారూ, నేను ఇసుక మింగానండీ."

ఆయన పలక మీద నుంచి తల ఎత్తాడు. ఒడ్డున నన్ను అల్లుడుగారూ అంటాడు, ఓడ మీద ఏమోయ్ అంటాడు. ఈసారి ఏ పిలుపూ లేదు.

"ఎంత?"

"తెలీదండీ."

"తెలీదంటే కుదరదు. ఎంతో చెబితే తీసేస్తాను. ఎంతో తెలీని తప్పును ఎందులోంచి తియ్యను?"

పెట్టెలోంచి ఇంకో గడియారం తీసి నా ముందు పెట్టాడు. తిరగేసేటప్పుడు పై బుడ్డిలో ఇసుక ఎక్కడిదాకా ఉండేదో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను.

"ప్రతిసారీ ఇక్కడేనా?"

వేలు కాస్త పైకి జరిపాను.

"మొన్న వాన పడినప్పుడు?"

ఇంకాస్త పైకి. నా వేలు పైకి పోతున్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. ఆయన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ఆయనకే భయమేస్తే ఇక మాకెవరు దిక్కు అనిపించి ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఏడుపు తర్వాత. వేలు తియ్యకు" అన్నాడు.

అన్నిటికంటే పైన చూపించిన చోటునే పట్టుకుని లెక్క వేశాడు. నేను మింగిన సమయం మొత్తం గంటన్నర పైమాటే. అప్పుడే పైన రెండో గంట మోగింది. ఆయన పలక చంకలో పెట్టుకుని కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు. వెనకే నేను.

"మూడో గంటకు తిప్పొద్దు. ఆ తర్వాత ఇంకో నాలుగు మోగాకే తిప్పాలి."

"ఇందాక ఒకటి, ఇప్పుడొకటి చెబుతారేం?" అన్నాడు కెప్టెన్.

"లెక్క తప్పింది."

"ఎవరి వల్ల?"

నేను మామయ్య వెనక్కి జరిగాను.

"నా వల్లే" అన్నాడు మామయ్య.

మూడో గంట మోగింది. ఓడ తిన్నగానే పోతోంది. నాలుగో గంటకు ఎడమవైపు నుంచి చప్పుడు మొదలైంది, అలలు రాతికి కొట్టుకునే చప్పుడు. మంచు కాస్త పలచబడింది. తడిసిన నల్లటి గోడ, పైకి ఎంతవరకు ఉందో తెలియలేదు. మూడో గంటకు తిప్పి ఉంటే నేరుగా దాని మీదికే వెళ్ళేవాళ్ళం. వంటవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గోడ ఎంతకీ అయిపోలేదు.

ఆరో గంటకు చప్పుడు వెనకబడింది. ఏడో గంటకు తిప్పాం. రేవు దొరికింది.

రేవులో కెప్టెన్, ముప్ఫై ఏళ్ళు ఓడలకు దారి చెప్పిన మనిషితో, "పెద్దవాళ్ళయ్యారు, ఇక ఒడ్డునే ఉండండి" అన్నాడు. నిజం చెప్పేద్దామని రెండడుగులు వేశాను. మామయ్య నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"నోరు విప్పినందుకు నీ వీపు చీరేస్తే, రేపు ఇంకొకడు విప్పడు. వాడి ఓడ రాయికి కొట్టుకున్నాకే తెలుస్తుంది."

మాట బాగుంది. నాకు వీలుగా కూడా ఉంది. ఆగిపోయాను.

ఇంటికెళ్ళాక నా భార్య మంచినీళ్ళు తెచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "నాన్నా, నీ లెక్క ఎప్పుడూ తప్పదు కదా. ఈసారెలా తప్పింది?"

"వయసమ్మా" అన్నాడాయన, చెప్పులు విప్పుతూ.

ఆ గదిలో కెప్టెన్ లేడు, కొరడా లేదు. ఆయనా, ఆమే, నేనూ, అంతే. ఆమె నా వైపు తిరిగింది. "మీరు పక్కనే ఉన్నారు కదా, కాస్త చూసుకోవద్దూ?"

కొండ పక్కన కూడా నాకంత భయం వెయ్యలేదు.

"నేనేం చేస్తాను? గంట కొట్టేవాణ్ణి" అన్నాను.