పెన్సిలు ముక్క

మెకానిక్కూ అతని భార్యా నిన్న సాయంత్రం నుంచి మాట్లాడుకోవడం లేదు. తప్పు మెకానిక్‌దే. షెడ్డుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన "ఆవిడ కూడా రిపేర్లు చేస్తారా?" అని అడిగితే, "అబ్బే, స్పానర్లు అందిస్తుంది" అనేశాడు. కారు గుమ్మంలోకి రాకముందే దాని రోగం చెవితో పట్టేసే మనిషి ఆవిడ. ఆ మాట విని ఊరుకుంటుందా? ఊరుకుంది. అదే వచ్చిన చిక్కు.

ఇలాంటి రోజునే డ్రైవింగ్ టీచరు కారు రెండోసారి వచ్చింది. పొద్దున వీళ్లే ఇంజనులో నిప్పురవ్వ పడే టైమింగ్ సరిచేసి పంపిన కారది. ఇప్పుడు నిలబెడితే చాలు, ఇంజను రయ్యిమని లేస్తుంది, ఆగిపోయేంతగా పడిపోతుంది, మళ్లీ లేస్తుంది.

"నాలుగింటికి ఫిట్‌నెస్ తనిఖీ, బాబాయ్! ఇది తప్పిందంటే ఉన్న ఒక్క కారూ రోడ్డెక్కదు. నా స్కూలు మూసుకోవాల్సిందే" అంది టీచరు. అప్పటికి రెండున్నరయింది.

"అమ్మాయ్, టైమింగ్ లైటు ఇమ్మని మీ పిన్నికి చెప్పు" అన్నాడు మెకానిక్.

"పిన్నీ, బాబాయ్..."

"వినబడిందిలే. స్పానర్లు అందించేవాళ్లకు కూడా చెవులుంటాయి" అని ఆవిడ లైటు బల్ల మీద ఠంగుమని పెట్టింది.

ఆ లైటు వెలుగులో ఇంజను ముందు తిరిగే పుల్లీ చక్రం మీది తెల్లగీత కదలకుండా కనబడితే టైమింగ్ కుదిరినట్టు. ఇవాళ ఆ గీత ఒకచోట నిలిస్తే ఒట్టు. మెకానిక్ టైమింగ్ మార్చే డిస్ట్రిబ్యూటర్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ప్లగ్గులు ఊడదీసి తుడిచాడు. కార్బురేటర్ స్క్రూ బిగించాడు, వదులు చేశాడు. మూడు కావస్తోంది. ఇంజను మాత్రం లేస్తూ పడుతూనే ఉంది.

'తిప్పనీ, బాగా తిప్పనీ' అనుకుంది ఆవిడ కడుపునిండా సంతోషంతో. ఇంతలో టీచరు ఎవరికో ఫోన్‌లో "రేపటి క్లాసు సంగతి ఇప్పుడే చెప్పలేనమ్మా" అనడం వినబడింది. ఆ గొంతు వినగానే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. కోపం మొగుడి మీద. మధ్యలో ఈ పిల్లేం చేసింది?

లేచి వచ్చి బానెట్ కింద తల పెట్టి కళ్లు మూసుకుంది. ఆ హోరు అడుగున సన్నగా 'సుయ్య్' మంటోంది. ఇంజను ఎక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోంది. వేలితో వెతుక్కుంటూ పోతే కార్బురేటర్ పక్కన వేలాడుతున్న రబ్బరు గొట్టం తగిలింది. దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టింది. అంతే, ఇంజను బుద్ధిగా ఒక్కతీరున తిరగసాగింది.

"పిన్నీ! నీ చేతిలో ఏముందో గానీ!" టీచరు ఎగిరి గంతేసింది.

ఆవిడకు మాత్రం పొద్దుటి పని గుర్తొచ్చింది. టైమింగ్ చూసేటప్పుడు ఆ గొట్టం ఊడదీసి, గాలి చొరకుండా మూతిలో పెన్సిలు ముక్క దూర్చేది మెకానిక్. గీత కుదిరి బోల్టు బిగించాక "అయింది" అంటాడు. ముక్క తీసి, గొట్టం తిరిగి తగిలించి "పెట్టా" అనేది ఆవిడ. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస. పొద్దున ఆయన ఆ మాట అనలేదు. ఆవిడా గోడకేసి చూస్తూ కూర్చుంది. గొట్టం ఊడే ఉంది, పెన్సిలు ముక్క దారిలో ఎక్కడో రాలిపోయింది. ఇందాకటి కంగారులో ఆయనా అటు చూడలేదు.

మెకానిక్ గొట్టాన్ని చూశాడు, భార్యని చూశాడు. అతనికీ అర్థమైంది.

"పొరపాటు నాదేనమ్మా" అన్నాడు టీచరుతో, బుర్ర గోక్కుంటూ. "పొద్దున చెప్పాల్సిన మాట చెప్పలేదు. నిన్న అనకూడని మాట అన్నాను. మీ పిన్ని చెవులే లేకపోతే ఈ షెడ్డెక్కడిది?"

ఆ మాట కోసమే కదా నిన్నటి నుంచి కాచుకు కూర్చుంది! ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, గెలుపంతా ఆవిడదే. టీచరు కూడా ఆవిడకేసి కళ్లార్పకుండా చూస్తోంది. ఆవిడకు సిగ్గేసింది.

"ఆయన కాదమ్మా, నేనే" అనేసింది. "గొట్టం తగిలించడం నా పని. ఎవరూ చెప్పక్కర్లేదు. మూతి ముడుచుకు కూర్చుని మర్చిపోయాను." అని మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, డిస్ట్రిబ్యూటర్ని అటూ ఇటూ తిప్పేశారుగా, టైమింగ్ మళ్లీ చూడాలి. చూస్తారేం, రండి!"

మెకానిక్ చెవి మీది పెన్సిలు తీసి, పుటుక్కున విరిచి, ముక్క గొట్టంలో దూర్చాడు. ఈసారి గీత కుదురుగా నిలబడింది. బోల్టు బిగించి, వీధి చివరిదాకా వినబడేలా "అయింది!" అన్నాడు.

"పెట్టా!" అంది ఆవిడ, అంతకన్నా గట్టిగా.

అయిదింటికి వీధి మలుపు నుంచే హారన్ మోగించుకుంటూ వచ్చింది టీచరు. తనిఖీ కాగితం కిటికీలోంచి జెండాలా ఊపుతోంది.

"ఇంజను భలే ఉంది, ఎవరు చేశారని అడిగారు బాబాయ్! ఎవరని చెప్పను?"

"మీ పిన్ని చేసిందని చెప్పు" అన్నాడు మెకానిక్. "స్పానర్లు నేనందించాను."

ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగుకు గ్రీజు అంటింది, మొహానికీ అంటింది.