మిట్టమధ్యాహ్నపు రక్తపుచుక్క

నేను ఒక గాజు పలకను. చూపుడువేలంత పొడవు. ఆసుపత్రివాళ్లు స్లైడు అంటారు. ఫ్యాక్టరీలో నా అంచులు అరగదీసి పెట్టెలో సర్దిన నాటి నుంచీ నాకు ఒకటే గర్వం: నా మీద ఏముంటే అదే చూపిస్తాను, దాచడం చేతకాదు. ఆ గర్వమే నన్ను ముంచింది.

ప్రపంచంలో బోదకాలు ఎక్కడెక్కడుందో చుక్కలు పెట్టి పటం గీస్తున్నారు. ఎర్రచుక్క పడిన ఊరికి ఏటా మాత్రలు వస్తాయి. తెల్లగా మిగిలిన ఊరికి రావు. ఆ పనిమీదే ల్యాబ్ టెక్నీషియన్ జగన్నాథరావు సంచిలో పడి, సముద్రం ఒడ్డునున్న ఉప్పలమెట్ట చేరాను.

బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. బాగా పొద్దుపోయాక గాని వేలి రక్తంలోకి రావు. ఈ సంగతి జగన్నాథరావుకు నాకన్నా బాగా తెలుసు. కానీ ఆ ఊరి నుంచి ఆఖరి బస్సు సాయంత్రం అయిదుకే వెళ్లిపోతుంది. అందుకని పన్నెండింటికే సూది బయటికి తీశాడు.

గున్నమ్మ వాచిన కాలు ఈడ్చుకుంటూ పన్నెండేళ్ల కూతురు కొర్లమ్మను తీసుకొచ్చింది. పిల్లకు నెలనెలా చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు. తనకూ ఇలాగే మొదలైంది కాబట్టి తల్లికి ప్రాణం నిలవడం లేదు.

"రేతిరి తియ్యాల గదా బాబూ. మునుపొచ్చినోలు అలగే తీసినారు."

"ఎప్పుడు తీసినా అదే రక్తమమ్మా. పిల్లని చెయ్యి చాపమను."

కొర్లమ్మ రక్తం నా మీద పడింది. అతను రిజిస్టరులో సమయం 'రాత్రి 10.15' అని రాశాడు, బస్సు అందుకున్నాడు.

మర్నాడు మైక్రోస్కోపు కింద నన్ను అటూ ఇటూ జరిపి చూశారు. ఒక్క పురుగు కనిపిస్తే చాలని ఎంత తపించానో. ఏమీ లేదు. నేను చూపించింది నిజమే, రిజిస్టరులో పడిన సమయమే అబద్ధం. ఎక్కడో చల్లని గదుల్లో పెద్దలు రెండింటినీ నమ్మి ఉప్పలమెట్టను తెల్లగా వదిలేశారు. పటం చాలా అందంగా వచ్చింది. జగన్నాథరావు దాన్ని ల్యాబులో నన్ను దాచిన అద్దాల బీరువాకు ఎదురుగా గోడకు తగిలించాడు.

గున్నమ్మ మాత్రల కోసం రెండుసార్లు వచ్చింది. "మీ ఊళ్లో లేదని తేలిందమ్మా" అని పటం చూపించి పంపేశాడు. అద్దం వెనక నుంచి నేను అరిచినట్టే ఉండేది, ఎవరికి వినపడుతుంది?

మూడో ఏడు కూతురితో వచ్చింది. కొర్లమ్మ ఎడమకాలికి చెప్పు పట్టడం లేదు. జగన్నాథరావు వంగి బొటనవేలితో నొక్కాడు. గుంట పడనంతగా గట్టిపడిపోయింది. అతను పటంకేసి చూడకుండా లేచి సూదుల సంచి అందుకున్నాడు.

"ఈ రాత్రికి మీ ఊరొచ్చి మళ్లీ రక్తం తీస్తానమ్మా."

గున్నమ్మ పిల్ల పరికిణీని పాదం దాకా లాగింది.

"ఇంకెందుకు బాబూ, ఇప్పుడు పగలే కనపడతంది."